గొంతెత్తి చదివిన మధ్యాహ్నాలు

మొన్న మా మనవరాలికి అన్నం క్యారియర్ ఇద్దామని తార్నాకలోని స్టడీ హాలుకు వెళ్లాను. వరుసగా చెక్క అరలు కట్టి, ఒక్కో అరలో ఒక్కో పిల్లను కూర్చోబెట్టి, గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని బోర్డు పెట్టారు. అలవాటు కొద్దీ దాన్ని పైకే చదివేశాను. అరల్లోంచి తలలు లేచాయి, మనవరాలు నా చెయ్యి పట్టుకుని మెట్ల దాకా తీసుకొచ్చేసింది. నాకు మాత్రం నవ్వొచ్చింది, ఆ బోర్డుతో నా తగాదా ఈనాటిది కాదు.

నేను కడప నుంచి వచ్చి ఇక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరిన కొత్తలో, తల్లీపిల్లలు కలిసి నేర్చుకున్న చదువే ఇంట్లో నిలుస్తుందని మా గైడ్ మేడమ్ గట్టిగా నమ్మేవారు. ఆ మాట రుజువు చేయడం, పైవాళ్లను ఒప్పించడం మా పని. క్యాంపస్ నుంచి ఎండలో నడుచుకుంటూ లాలాగూడ వెళ్లి, రైల్వే క్వార్టర్ల ఆడవాళ్లను మధ్యాహ్నం పూట అక్కడి రీడింగ్ రూములో కూర్చోబెట్టేవాళ్లం. కొత్తగా అక్షరాలు వచ్చినవాళ్లు ఊరికే కళ్లతో చదవలేరు కదా, ఒళ్లో పిల్లను పెట్టుకుని తల్లి ఒక్కో మాట కూడబలుక్కుంటూ పలికితే పిల్ల వెనకాలే పలికేది.

అక్కడ రోజూ పేపరు చదువుకునే రిటైర్డ్ రైల్వే గార్డు ఒకాయనకు ఈ గోల గిట్టలేదు. ఆయన ఫిర్యాదు మీద రీడింగ్ రూము వాళ్లు గోడ మీది ‘నిశ్శబ్దం పాటించండి’ బోర్డు చూపించి ఆడవాళ్లను రావద్దన్నారు. మేడమ్ నివేదిక రాశారు, మేం ఆఫీసుల చుట్టూ తిరిగాం, రీడింగ్ రూముల్లో తల్లులకు ఒక పూట కేటాయించమని అడిగాం. చివరికి గ్రంథాలయాల అధికారి తానే చూసి తేలుస్తానన్నారు. ఆయన కాదంటే అంతే, క్వార్టర్లలో వాళ్లకు కూర్చునే చోటు ఇంకోటి లేదు.

అధికారి వచ్చిన రోజు గార్డుగారు మూలన పేపరు అడ్డం పెట్టుకుని ముభావంగా కూర్చున్నారు. ఇంట్లో చదువుకోవచ్చు కదమ్మా అని అధికారి అంటే, వర్క్‌షాపు ఫిట్టరు భార్య తలొంచుకునే, “ఇంట్ల మామ పండుకుంటడు, సదవకు అంటరు. గీడ గూడ సదవకు అంటే ఇంకేడ సదవాలె సారూ?” అంది. ఆయన మెత్తబడలేదు కానీ, ఏదీ చదువు అన్నారు. ఆవిడ కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, రోజూ చదివే రాజుగారి కథే తీసి, ‘సింహాసనం’ దగ్గర ఆగిపోయింది. అప్పుడు మూలనున్న పేపరు వెనకాల నుంచి ‘సింహాసనం’ అని వినిపించింది. ఆవిడ ఇంకా బిగుసుకుపోయి ఉండటం చూసి, పేపరు దించకుండానే గార్డుగారు, “ఆగినవేంది బిడ్డా, తర్వాత ఏమైందో సదువు” అన్నారు.

అధికారి నవ్వి మధ్యాహ్నాలు ఆడవాళ్లకు వదిలేశారు. మా నివేదిక ఆయన చదివారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. గార్డుగారు మాత్రం ఆ పూట రావడం మానలేదు.

మొన్న స్టడీ హాలు నుంచి సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, అందరూ చదువుతూనే ఉన్నారు. చదువు రాని మనిషి మా ఇంట్లో ఒక్కరూ లేరు, మేం కోరుకున్నదీ అదే. కానీ ఎవరు ఏం చదువుతున్నారో పక్కవాళ్లకు తెలియదు. తర్వాత ఏమైందని అడిగేవాళ్లు లేరు.