ఎడమపాదం రంగు

కరీంనగర్‌లో నేను ఫిజియోథెరపీ చేసే ఆసుపత్రికి వేములవాడ దగ్గరి పల్లె నుంచి ఒకామె భర్తను తీసుకొచ్చేది. దుబాయిలో పక్షవాతం వచ్చి తిరిగొచ్చిన మనిషి. పాదాల ఒత్తిడి కొలిచే పలక మీద నిలబెడితే, బరువు మోసే కుడిపాదం తెరపై ఎర్రగా కనిపించేది. ఎడమది నీలంగానే ఉండేది. నెలలు గడిచినా మారలేదు.

ఒకరోజు ఎడమపాదంలోనూ ఎరుపు తేలింది. సంబరపడ్డాను. తీరా చూస్తే, ఆమె వెనక నుంచి నడుము పట్టి అతన్ని అటు నెడుతోంది.

"వదిలెయ్యమ్మా" అన్నాను. వదలగానే రంగు పోయింది.

"గట్ల జూస్తె ఆయనకు జర ధైర్నమైతదని, సారూ" అందామె తల దించుకుని.

"నా కాలు నాకెరుక లేదానే? ఇగ సాలు, ఇంటికి వోదాం పా" అన్నాడతను.

వాళ్లు మళ్లీ రాలేదు.