బావ అడ్డం పెట్టిన చెయ్యి

మా బావ పోయాడు. పలమనేరులో, సొంత ఇంట్లో, వసారాలో చాప మీద, పోయిన శుక్రవారం మధ్యాహ్నం. ఇంట్లోనే పోయాడని తెలిసి ఊళ్ళో అందరూ అదృష్టవంతుడన్నారు. ఆ చాపదాకా ఆయన ఎట్లా వచ్చాడో చూసినవాణ్ణి నేను. నాకు ఆ మాట నోట రావడం లేదు.

ఆయన మా అక్క మొగుడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశాడు. చుట్టుపక్కల పల్లెల్లో జెర్సీ సీమావులు చాలామటుకు ఆయన వేసిన చూలు సూదులతో పుట్టినవే. మీ ఇంటికి ఈ వైపు నుంచి పాలు వచ్చేవైతే, అందులో ఆయన చెయ్యి ఉన్నట్టే. నీకున్నంత సంతానం ఈ తాలూకాలో ఎవడికీ లేదు బావా అని నేను పదిమందిలో అనేవాణ్ణి. ఆయన నవ్వకుండా, "ఉండాయి, ఒగటన్నా నాయనా అని పిలవదే" అనేవాడు. అయిదో తరగతితో బడి ఎగ్గొట్టిన నాకు పేపరు చదవడం నేర్పింది ఆయనే. నేర్చుకున్నాక ముందు ఆయన పేపరే లాక్కునేవాణ్ణి.

మా వైపు విస్తరి ముందు చాలు అనే మాటకు విలువ లేదు. చాలంటే మొహమాటమనుకుని ఇంకో గరిటె వేస్తారు. చెయ్యి అడ్డం పెట్టినా, వేళ్ళ మధ్య సందులుంటే ఇంకాస్త పడుతుందని అర్థం. వేళ్ళు దగ్గరగా మూసి పెడితేనే నిజంగా చాలు. నేను బావ మూసిన వేళ్ళ మీద కూడా పాయసం పోసినవాణ్ణి. ఆయన ఆ చేతిని తాపీగా నా పంచెకే తుడిచేవాడు.

పని దగ్గర ఆయనకు ఒక పట్టింపు ఉండేది. పోయేటట్టున్న గొడ్డుకు బలవంతంగా గంజి పోయనిచ్చేవాడు కాదు. ఒక రైతు ఏడుస్తూ ఆవు నోట్లో వెదురు గొట్టం పెట్టి పోస్తుంటే, ఆ గొట్టం లాక్కున్నాడు. "గొట్టం మందుకప్పా. పోయే ప్రాణాన్ని పట్టుకునేదానికి కాదు" అన్నాడు. అయితే దాని బాధ తీరేటట్టు ఒక సూది వేసెయ్యమని రైతు బతిమాలితే, అదీ తన పని కాదన్నాడు. ఆవు కన్ను మూసేదాకా దాని గంగడోలు నిమురుతూ పక్కనే కూర్చున్నాడు.

రిటైరు కాకముందే ఆయన నడక తప్పింది. వాళ్ళ నాయన, అన్న కూడా అట్లాగే తూలి, మాట ముద్దయి, చివరికి ముద్ద మింగలేక ప్రాణం పోయినవాళ్ళే. ఊళ్ళో దాన్ని శాపమనేవాళ్ళు. బెంగళూరు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ, శాపం కాదు, రక్తంలో వచ్చేది అని చెప్పింది. పరిశోధనకు ఇంటిల్లిపాది రక్తమూ కావాలంది. కాగితం మీద వంశాన్ని గీసింది. మగవాళ్ళకు పెట్టెలు, ఆడవాళ్ళకు సున్నాలు, జబ్బు వచ్చినవాళ్ళకు నల్ల రంగు. నా పెట్టె ఏదమ్మా అంటే, మీది ఆ రక్తం కాదు కదా తాతా అంది. పెళ్ళికి పిలిచి పంక్తిలో కూర్చోనివ్వనట్టుంది అన్నాను. నవ్వింది బావ ఒక్కడే.

బావకు ఒక్కడే కొడుకు. బిడ్డకు రావడానికీ రాకపోవడానికీ సగం సగం అవకాశమని, రక్తం చూస్తే ఇప్పుడే చెప్పొచ్చని ఆమె అంది. ఆ కొడుకు, అంటే నా మేనల్లుడు, గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. అప్పటికే ముద్దగా వస్తున్న మాటతో బావ అన్నాడు: "నాది ఎంత కావల్లో తీసుకో తల్లీ. ఇంగెవురి బిడ్డకైనా పనికొస్తాది. వాడి పెట్టె మాత్రం వాడు అడిగేదాకా తెల్లగా ఉండనీ."

గొడ్లకు జాతి చూసి సూది వేసినవాడు, కొడుకు దగ్గరికి వచ్చేసరికి చూడొద్దన్నాడు. అల్లుడు ఇప్పటికీ అడగలేదు.

ఈమధ్య గంజి పొరబోయి, ఊపిరాడకపోతే, తిరుపతిలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. మేము బయట పేరు రాయించేలోగా లోపల నోట్లో గొట్టం వేసి మిషనుకు తగిలించారు. వాళ్ళను తప్పు పట్టను. ఊపిరాడని మనిషిని ఎదురుగా పెట్టుకుని ఏ డాక్టరు ఊరుకుంటాడు? వేసిందాన్ని తియ్యడం దగ్గరే వచ్చింది చిక్కు. తీస్తే ప్రాణం నిలవదు, మా చేతులతో మేము తియ్యలేము, ఇంటికి తీసుకుపోతామని మీరు సంతకం పెడితే ఆపలేము అన్నాడు డాక్టరు. అల్లుడు పెట్టనన్నాడు. వాళ్ళ నాయనకు బతకాలనే ఉందన్నాడు.

బావ చెయ్యి మాటిమాటికీ నోటి మీదికి పోతోందని, గొట్టం పెరికేస్తాడేమోనని దాన్ని మంచానికి కట్టారు. నేను లోపలికి పోయినప్పుడు నర్సమ్మను బతిమాలి కట్టు విప్పించాను. చెయ్యి తూలుతూ లేచింది. గొట్టాన్ని పట్టుకోలేదు. నోటి మీద అడ్డంగా నిలిచింది. వేళ్ళు దగ్గరగా మూసి ఉన్నాయి. నేను ఒక్కొక్క వేలూ విడదీశాను. ఆయన మళ్ళీ మూశాడు.

బయటికి వచ్చి చెప్పాను. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ చెయ్యి ఆమెకూ తెలుసు. అల్లుడు మాత్రం నా మీద విరుచుకుపడ్డాడు.

"నీకన్నీ ఎగతాళే మామా. అది వణికే చెయ్యి."

"పోయి నువ్వే సూడబ్బా."

పోయాడు. చాలాసేపటికి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"మూసే ఉండాయి మామా" అన్నాడు. "ఈ పొద్దు నాయనవి నువ్వు సూసినావు. రేపు నేను ఇట్ల పండుకుంటే, నా వేళ్ళు ఎవురు సూస్తారు?" అని అడిగాడు.

నీకు రాదులేరా అనబోయి ఆగిపోయాను. నాకేం తెలుసు? నేను చూస్తాలే అందామన్నా, అప్పటిదాకా నేను ఉండనని ఇద్దరికీ తెలుసు. వాడి వీపు మీద చెయ్యి వేశాను.

అక్కే లేచింది. బయట ప్రాణం పోయినవాళ్ళను మా ఇళ్ళల్లో గడప లోపలికి రానివ్వరు. "ఊపిరుండంగానే గడప దాటల్ల. పదండి" అంది. అల్లుడు సంతకం పెట్టాడు.

ఆంబులెన్సులో మిషను లేదు. గొట్టానికి రబ్బరు సంచి తగిలించి, నొక్కుతూ వదులుతూ ఉండమని అల్లుడికి నేర్పించారు. చిత్తూరు దాటి, మొగిలి ఘాటు ఎక్కి, ఇల్లు చేరేదాకా వాడే నొక్కాడు. మార్చుకుందాం రా అంటే ఇవ్వలేదు. వాడు నొక్కినప్పుడల్లా బావ రొమ్ము లేచేది. బావ కళ్ళు వాడి మీదే ఉన్నాయి. అట్లాంటి పని పగవాడి కొడుక్కి కూడా రాకూడదు.

వసారాలో చాప పరిచి పడుకోబెట్టాం. అక్క తులసి నీళ్ళతో పెదవులు తడిపింది. వెంట వచ్చిన ఆసుపత్రి మనిషి తలవంచుకుని నిలబడ్డాడు. అల్లుడు నొక్కుతూనే ఉన్నాడు. ఎండ గడప దాకా వచ్చింది. అప్పుడు అక్క వాడి పక్కన కూర్చుని, మణికట్టు పట్టుకుని, "విడిచిపెట్టు నాయనా" అంది.

వాడు విడిచిపెట్టాడు. సంచి దానంతటది గాలి పీల్చుకుని, మళ్ళీ నిండుగా ఉబ్బి, వాడి చేతిలో అట్లాగే ఉండిపోయింది.