చిన్న క్యాసెట్ల రాజ్యమ్మ గారు

కొత్త ఫోను కొని నాలుగు రోజులైంది. పొద్దున్నే ఛార్జింగు పెడదామని కూర్చుంటే పాత తీగ కొన కిర్రు కిర్రుమని గీసుకుంటుందే కానీ లోపలికి దిగదు. తిప్పి పెట్టాను, ఊది పెట్టాను. కంపెనీవాళ్ళు ఈసారి పిన్ను మార్చేశారని మా అమ్మాయి చెప్పింది. ఎందుకు మార్చారంటే, "వాళ్ళ ఇష్టం నాన్నా" అంది. ఒళ్ళు మండిపోయింది. ఒక సైజు వీడియో క్యాసెట్టును ఇంకో రకం డెక్కులో కుక్కబోయి జనం చేసే చప్పుడు అచ్చం ఇలాగే ఉండేది. ఆ చప్పుడుతో పాటే రాజ్యమ్మ గారు గుర్తొచ్చారు. నూజివీడులో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి, నా ఓపికంతా తినేసిన మనిషి.

ఎనభైల మధ్యలో మాట ఇది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. బెజవాడలో రేడియోలు, టీవీలు బాగుచేయడం నేర్చుకుని వచ్చాను. రాజ్యమ్మ గారిది మామిడి వ్యాపారుల కుటుంబం. భర్త పోయాక మండీ మరుదుల చేతికి వెళ్ళింది. ఆవిడ వాటాకి ఒక తోటా, బజారులో ఒక గదీ మిగిలాయి. ఆ గదిలో వీడియో లైబ్రరీ పెట్టి, డెక్కులు అమ్మడానికీ క్యాసెట్లు అద్దెకివ్వడానికీ నన్ను పెట్టుకున్నారు. ఆ రోజుల్లో డెక్కులు రెండు రకాలు. ఒకదాంట్లో పెద్ద క్యాసెట్టు పడుతుంది, ఇంకోదాంట్లో చిన్నది. ఒకదానిది మరొకదానికి పట్టదు. బస్టాండు దగ్గర శేషగిరి గారు అప్పటికే పెద్దవి అమ్ముతున్నాడు. ఈవిడ బెజవాడ వెళ్ళి, రెండింటినీ పక్కపక్కన పెట్టించి, అరగంట కదలకుండా చూసి చిన్నదానికి ఓటేశారు.

"బొమ్మ చూశావా సత్యం, తడిగుడ్డతో తుడిచినట్టుంది," అన్నారు.

"బొమ్మ బాగుందండీ. కానీ ఊళ్ళో సగం మంది పెద్దవి కొనేశారు."

"కొంటే కొననీవయ్యా. పెద్ద రసాలు చూడ్డానికి సైజుంటాయి. రుచి తెలిసినోళ్ళు చిన్న రసాల కోసమే వస్తారు. మా మావగారు జీవితమంతా ఆ నమ్మకంతోనే వ్యాపారం చేశారు."

తోటలో పుట్టి తోటలో పెరిగినవాళ్ళే చేయగల పొరపాటు ఇది. కాయ కోసి, రుచి చూసి బేరమాడటం వాళ్ళకి అలవాటు. కానీ మామిడిపండు తినడానికి పక్కింటివాళ్ళు కూడా అదే రకం తెచ్చుకోవాల్సిన పని లేదు. క్యాసెట్టు అలా కాదు. మైలవరంలో బావమరిది దగ్గరున్న సినిమా మన డెక్కులో ఆడాలి. మన పెళ్ళి వీడియో చింతలపూడిలో వియ్యంకుడి ఇంట్లో ఆడాలి. అందరి దగ్గరా ఏది ఉంటే మనకూ అదే కావాలి. ఈ ముక్క ఆవిడకి ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. విన్నట్టే తలూపి, మర్నాడు ఇంకో ఇంటికి చిన్న డెక్కు అమ్మేవారు.

శేషగిరి గారు మాత్రం మహా గట్టివాడు. కాయ కోతకి వచ్చే ముందు తోటల ఆసాముల ఇళ్ళకి వెళ్ళి డెక్కులు పెట్టేసి వచ్చాడు. రెండు నెలలు ఊరికే చూసుకోండి, క్యాసెట్లు మాత్రం నా దగ్గరే తీసుకోండి అన్నాడు. రెండు నెలలయ్యాక ఎవరూ తిరిగివ్వలేదు. వాళ్ళని చూసి చుట్టాలూ అవే కొన్నారు. పెద్దవాటికి గిరాకీ ఉందని బెజవాడ డీలర్లు కొత్త సినిమాలు వాటిలోనే తెప్పించడం మొదలుపెట్టారు. నేను వారం వారం బస్సెక్కి వెళ్ళడం, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి పాత సినిమాలతో తిరిగి రావడం.

"మనం కూడా నాలుగిళ్ళకి ఊరికే పెడదామండీ," అన్నాను.

"ఊరికే పెట్టి కట్టిపడేస్తామా? ఇష్టమైతే రావాలి గానీ, ముక్కుతాడేసి లాక్కురావడం ఏంటయ్యా?"

అక్కడితో ఆగితే బాగుండేది. పెద్ద డెక్కున్న వాళ్ళెవరైనా తెలియక మా షాపుకొస్తే, "మావి మీకు పట్టవమ్మా, బస్టాండు దగ్గర శేషగిరి గారని ఉన్నారు" అని దగ్గరి దారి కూడా చెప్పి పంపేవారు. నేను కౌంటరు వెనక పళ్ళు కొరుక్కునేవాణ్ణి.

రెండో వేసవికి అరల మీద దుమ్ము పేరుకుంది. షాపు నిలబడాలంటే పెద్దవాటికి మారడం ఒక్కటే దారని కాళ్ళావేళ్ళా పడ్డాను. షాపు పోతే నా ఉద్యోగమూ పోతుంది మరి. చివరికి ఒప్పుకున్నారు. తోటలో రెండేళ్ళ కాపు శేషగిరి గారికి రాసిచ్చి, బదులుగా పదకొండు పెద్ద డెక్కులు తెప్పించారు. బతికిపోయామనుకుని నేను అరలన్నీ తుడిచాను. ఆవిడ నా చేతిలో ఒక కాగితం పెట్టారు. మా దగ్గర చిన్న డెక్కులు కొన్న పదకొండు ఇళ్ళ పేర్లు. ఇవి వాళ్ళకిచ్చి పాతవి తెచ్చెయ్యమన్నారు.

నా గొంతు పెరిగింది. "కొనుక్కున్నది వాళ్ళండీ. సినిమాలు రాకపోతే మన తప్పేంటి? ఏ కంపెనీ అయినా ఇలా చేస్తుందా?"

"కంపెనీ ఎవరో వాళ్ళకేం తెలుసు? రాజ్యమ్మ చెప్పిందని కొన్నారు."

"మరి షాపు?"

"ఉండదులే."

"నేనో?"

ఆవిడ పమిటతో ముఖం తుడుచుకున్నారు. "తోట బేరంలోనే నీ సంగతి కూడా మాట్లాడాను. వచ్చే నెల నుంచి శేషగిరి గారి దగ్గరికి వెళ్ళు."

రిక్షా మాట్లాడుకురావడానికి బయటికొచ్చాను. ఆ డెక్కులు ఇంటింటికీ వేసి రావడానికి రెండు రోజులు పట్టింది. మంచి మాట అన్నవాళ్ళు ఒకరిద్దరు. ఒక ముసలమ్మ అయితే కొత్తది పెట్టించుకుని, సినిమా సగం దాకా చూసి, "దీనికంటే పాతదాంట్లోనే బొమ్మ బాగుండేది. మీ అమ్మగారితో చెప్పు" అంది. ఆ మాట రాజ్యమ్మ గారికి చెప్తే, "చూశావా, నే చెప్పలా?" అని ఎంత సంబరపడ్డారో.

శేషగిరి గారి దగ్గర ఆరేళ్ళు చేశాను. ఎవరికి ఊరికే ఇవ్వాలో, ఇచ్చాక ఎలా బిగించాలో, పోటీవాడి ఊపిరి ఎప్పుడు ఆపాలో అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఏలూరులో నా సొంత షాపు ఆ చదువుతోనే నిలబడింది. నా మీద ఆవిడ ప్రభావం ఏమీ లేదనే చాలాకాలం అనుకున్నాను. కానీ నేను మంచిదని చెప్పి అమ్మిన సరుకును కంపెనీవాళ్ళు నడిమధ్యలో వదిలేసినప్పుడు, జనం దగ్గర్నుంచి పాతవి వెనక్కి తీసుకుని నా చేతి డబ్బు పెట్టి కొత్తవి ఇచ్చాను. ఇలా రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది. రెండుసార్లూ షాపులో ఒక్కణ్ణే కూర్చుని, ఎప్పుడో పోయిన ఆ మనిషిని నోరారా తిట్టుకున్నాను. మూడోసారి వస్తే ఏం చేస్తానో నాకు తెలుసు. అదే నా బాధ.