మా కంప్యూటరు గౌను

ఆ రోజుల్లో మా ఇంట్లో అమ్మ గుడ్డ కప్పకుండా వదిలేసింది ఏదైనా ఉందంటే అది మా నాన్న ఒక్కరే. (ఆయన కూడా పోర్టులో షిఫ్టు దిగి వచ్చాక తనంతట తానే దుప్పటి ముసుగేసుకునేవారు.) పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉండేవాళ్ళం. గాలి హార్బరు బొగ్గు గుట్టల వైపు నుంచి తిరిగిందంటే పొద్దున తుడిచిన కిటికీ గట్టు సాయంత్రానికి కాటుక పెట్టుకునేది. అందుకని అమ్మ టీవీకి, మిక్సీకి, ఫ్రిజ్జుకి కవర్లు కుట్టింది, వాటిని కుట్టిన మిషనుకీ ఒకటి కుట్టింది. ఇంటికి కొత్త వస్తువేదైనా వస్తే ముందు కొలతలు తీసుకునేది, అది దేనికి పనికొస్తుందో తర్వాత అడిగేది. ఇప్పుడు మద్దిలపాలెంలో ఫ్లాటులోకి మారిపోయాం. ఇక్కడ అంత దుమ్ము లేదు. అయినా ఆ సందు, ఆ నల్ల కిటికీ గట్టు, ఆ వానాకాలం గుర్తొస్తే మనసు అదోలా అయిపోతుంది.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. మా బావ, అంటే ఆనందపురంలో ఉండే మా మేనత్త కొడుకు, ఓడ ఉద్యోగానికి ట్రైనింగు పేరుతో మా ఇంట్లోనే ఉండేవాడు. చిన్నప్పటినుంచీ సెలవులకి కలిసినప్పుడల్లా ఇద్దరికీ ఒకటే ఫోను. ఒకడు ఆడితే రెండోవాడు భుజం మీంచి తొంగిచూస్తూ సలహాలిచ్చేవాడు. ఎప్పటికైనా ఒక కంప్యూటరు కొని, పక్కపక్కన కూర్చుని, ఒకే తెర మీద కార్ల రేసు ఆడాలని మా కోరిక. ఒక్కో భాగం ఒక్కోసారి కొంటూ వచ్చాం. గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఎవరో వాడి అమ్మినది. స్క్రూడ్రైవరు పట్టుకుని అన్నీ మేమే బిగించుకున్నాం, నొక్కితే వెలిగింది, ఇద్దరం ఎగిరి గంతేశాం. సరిగ్గా ఆ వారమే బావకి ఓడ నుంచి పిలుపొచ్చింది. నెలాఖరుకి వెళ్ళిపోవాలి.

“ఓడెక్కీలోగా ఈ రేసుల పోటీ మొత్తం గెలిసీవాలి బావా” అన్నాడు వాడు. “నీల్ల మీద తిరిగినన్నాల్లూ తల్సుకోడానికి నాకేటైనా ఉండాలి కదేటి?”

నాకూ అదే కావాలి. ఓడెక్కాక వాడికి కొత్త స్నేహితులొస్తారనీ, మళ్ళీ వచ్చేసరికి నా పక్కన ఇలా కూర్చోడనీ లోపల ఒకటే భయం. ఆ పోటీ ఎలాగైనా ఇద్దరం కలిసి పూర్తి చెయ్యాలి, అంతే.

అయితే మొదటి రేసు సగంలో ఉండగానే బొమ్మ తడబడటం మొదలైంది. సెకనుకి తెర మీద ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చూపించే అంకె ఒకటి మూలన ఉంటుంది, దాన్నే ఫ్రేమ్ రేట్ అంటారు. అది అరవై దగ్గర దర్జాగా మొదలై, చూస్తుండగానే పన్నెండుకి జారిపోయేది. “ఏటిది బావా, మన కారు పరిగెడతన్నాదా, ఫొటోలు దిగతన్నాదా?” అని వాడు నెత్తి కొట్టుకున్నాడు. డ్రైవర్లు తీసి మళ్ళీ వేశాం. స్టెబిలైజరు మార్చాం. బొమ్మ నాణ్యత తగ్గిస్తే వేగం పెరుగుతుందని ఎక్కడో చదివి తగ్గిస్తూ పోయాం, దారి పక్క చెట్లకి ఆకులు రాలిపోయాయి, చూసే జనం అట్టముక్కలైపోయారు, ఆఖరికి మా కారు ఏదో మాకే తెలియలేదు. అమ్మ ఎండుమిరపకాయలూ ఉప్పూ తెచ్చి దిష్టి తీసింది. మేమిద్దరం దగ్గాం, కంప్యూటరు మాత్రం అలాగే ఉంది.

ఇక లోపలే ఏదో తేడా ఉందనుకుని పెట్టె విప్పేవాళ్ళం. విప్పాలంటే ముందు దాని గౌను తియ్యాలి. అవును, దానికీ అమ్మ ఒకటి కుట్టింది, పాత కర్టెను గుడ్డతో, గులాబీ పువ్వులు, కింద కుచ్చు, చుట్టూ ఎలాస్టిక్, స్విచ్చు నొక్కడానికి చిన్న కాజా. అది విప్పి, పక్క రేకు ఊడదీసి, ర్యాము అటూఇటూ మార్చి ఆన్ చేస్తే చాలు, అంకె అరవై దగ్గర నిలబడేది! “అయిపోనాది బావా, బాగైపోనాది!” అని కేకలు పెట్టి, రేకు బిగించి, దుమ్ము పడకుండా గౌను తొడిగేవాళ్ళం. బావైతే అత్త కుట్టింది కదాని కుచ్చుని వేలితో సర్దేవాడు కూడా. తాపీగా ఆడటం మొదలుపెట్టేసరికి మళ్ళీ మొదటికొచ్చేది.

“మనం దగ్గరుండి సూత్తంటే బుద్ధిగా ఉంటాది. తలుపేసీగానే తొంగుంటాది” అని బావ తేల్చాడు. నాకూ అది సబబుగానే తోచింది. (నేను చదువుతున్నది కంప్యూటర్ సైన్సే. దయచేసి ఏ కాలేజీ అని అడక్కండి.)

బొమ్మ ఆగిపోయినప్పుడల్లా కదిలేదాకా చేసేదేమీ లేక మాట్లాడుకునేవాళ్ళం. అలాంటి ఒక ఆగుడులోనే బావ, తెర మీంచి చూపు తిప్పకుండా, “నాకు సముద్రమంటే బయ్యం బావా. మాయమ్మకి సెప్పకు” అన్నాడు. ఆనందపురం పొలాల్లో పెరిగిన మనిషి. బీచికి వెళ్ళినా మోకాలి లోతు దాటేవాడు కాదు. “ఓడలో గేములుంటాయేమో అడుగు” అన్నాను. ఇద్దరం నవ్వాం. అంతలో కారు కదిలి గోడకి గుద్దుకుంది.

బావ వెళ్ళడానికి రెండు రోజులుందనగా, పొద్దుటినుంచీ వదలకుండా వాన. సగం పోటీ మిగిలే ఉంది. మేం ఆగిన బొమ్మ ముందు మొహాలు వేలాడేసుకుని కూర్చుని ఉంటే అమ్మ వచ్చి, “అల్లుడూ, కాసింత జరుగు” అని, నాన్న మేజోళ్ళు ఉతికి పిండి తీసుకొచ్చి గౌను మీద పరిచింది.

“అత్తా, ఏటి సేత్తన్నావ్?”

“ఏటి సేత్తాను, వాన తెరిపియ్యడం నేదు కదా. మీరు ఆడినంతసేపూ ఇది పెనంలాగ కాలతాది. దీనిమీదేత్తే బేగి ఆరిపోతన్నాయి. మీరు అన్నాలకి లేసినప్పుడల్లా వారమై ఇలగే ఆరబెడతన్నాను. నువ్వెల్లిపోతే మరెక్కడ ఆరబెట్టుకోవాలో ఏటో.”

నేనూ బావా మొహాలు చూసుకున్నాం. వాడు లేచి, మేజోళ్ళతో సహా గౌను ఎత్తేశాడు. లోపల్నుంచి అన్నం గిన్నె మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. కాసేపటికి మూలన అంకె ఒక్కొక్క మెట్టే ఎక్కి అరవై దగ్గర కూర్చుంది. పాపం, లోపలి ఫ్యాన్లు తిరిగి తిరిగి ఆ వేడిగాలినే పీల్చుకుంటుంటే అది మాత్రం ఏం పరిగెడుతుంది!

అమ్మ మొహం చిన్నబోయింది. “అయితే నాను కుట్టిందే దానికి ఊపిరాడనీనేదేటిరా?”

“అదేటి నేదత్తా. నీ గౌను నేకపోతే ఈపాటికి మసి కొట్టుకుపోయీది” అన్నాడు బావ వెంటనే. వాడి మీద నాకు అంతకు ముందెన్నడూ అంత ప్రేమ పుట్టలేదు. మర్నాడు పొద్దున్నే అమ్మ గౌను వెనక భాగం కత్తిరించి, అక్కడ దోమతెర గుడ్డ వేసి కుట్టింది.

ఆ రోజే పోటీ గెలిచేశాం. ఎక్కడా ఆగకుండా జర్రున సాగిపోయింది, సాయంత్రం టీ వేళకే అయిపోయింది. ఆట ఆగకపోయేసరికి మాటలకి చోటే దొరకలేదు. మర్నాడు బావ వెళ్ళిపోయాడు. వాడి చోట కుర్చీ చాలా రోజులు అలాగే ఉంచాను.

మొన్న సెలవుకి వచ్చాడు. ఇప్పుడు సముద్రం గురించి మాకే పాఠాలు చెబుతాడు. నా కొత్త కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు రేసులు ఆడాం. కాసేపటికి చేతిలోని గేమ్ కంట్రోలరు పక్కన పెట్టి, “ఏటి బావా, ఒక్కసారీ ఆగదేటిది?” అన్నాడు ఫిర్యాదు చేస్తున్నట్టు. లేచి, అల్మారా అడుగున మడతపెట్టి ఉన్న పాత గులాబీల గౌను వెతికి తెచ్చాడు. వెనక ఫ్యాన్లకి గుడ్డ అడ్డొచ్చేలా దోమతెర వైపుని ముందుకి తిప్పి, దాన్ని తొడిగి, కుచ్చు సర్ది వచ్చి కూర్చున్నాడు.

అది ఆగకూడదని ఆ రోజుల్లో ఎన్ని దేవుళ్ళకి మొక్కానో తలుచుకుంటే నవ్వొచ్చింది. వంటింట్లోంచి అమ్మ వచ్చి, మమ్మల్నీ గౌనునీ చూసి, ఏమీ అడక్కుండా దానిమీద చెయ్యి వేసి చూసింది.

“ఇంకా సల్లగానే ఉందిరా” అంది.

“పర్వానేదత్తా, కూకుంటాం” అన్నాడు బావ.