నీటి మీద సున్నా

ఉమామహేష్ జీపీఎస్ వెనక మరలు ఒక్కొక్కటే విప్పి సోడా మూతలో వేశాడు. అరచేతిలో ఇమిడే పరికరం. మూత తియ్యగానే లోపలి నుంచి ఉప్పునీళ్లు బల్ల మీదికి కారాయి. బ్యాటరీ ఆనే రేకులు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. పాత పళ్ల బ్రష్షు స్పిరిట్‌లో ముంచి వాటిని తోమాడు. తర్వాత బోర్డును బల్బు కింద ఆరబెట్టాడు. మరీ దగ్గరగా పెట్టలేదు, పెడితే తెర కమిలిపోతుంది.

షాపు ఫిషింగ్ హార్బర్ గేటుకు ఎదురుగా ఉంది. గుమ్మంలో అతని అక్క దేవి కూర్చుంది. ఆ జీపీఎస్ ఆమె భర్త ఎల్లాజీది. ఎల్లాజీ మొన్న తెల్లవారకముందు వాళ్ల ఊరు యారాడ నుంచి ఒక్కడే వేటకు వెళ్లాడు. నిన్న సాయంత్రం అతని ఫైబర్ పడవ భీమిలి వైపు కొట్టుకుపోతూ కనబడింది. తిరగబడలేదు. ఇంజను ఆపి ఉంది. అడుగున నిలిచిన నీళ్లలో ఈ జీపీఎస్ పడి ఉంది. వల లేదు. వల తాడు కట్టే కొయ్య మొదలంటా విరిగిపోయి ఉంది. మనిషి లేడు.

"బతుకుతాదా?" అంది దేవి.

ఉమామహేష్ చెయ్యి ఆగింది.

"మెషీను గురించే అడిగినాను" అంది ఆమె.

"ఆరితే తెలుస్తాది అప్పా."

ఎల్లాజీ తమ్ముడు అప్పలరాజు మూడు పడవలకు డీజిలు పోయించి వచ్చాడు. సాయంత్రానికి గాలి పెరుగుతుందని రేడియోలో చెప్పారు. ఆ తర్వాత కొన్నాళ్ల పాటు ఎవరూ సముద్రంలోకి దిగలేరు. వెతికితే ఈ పూటే వెతకాలి.

"ఏ పక్క ఎల్లమంటావో సెప్పు బావా" అన్నాడు అప్పలరాజు.

ఉమామహేష్‌కు పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. యారాడలో వేటకు పోని మగవాడిగా పెరగడం తేలిక కాదు. అందరికంటే ఎక్కువగా ఏడిపించింది ఎల్లాజీయే. "మా బావమరిదికి బిందెలో నీళ్లు ఊగినా వాంతే" అని పెళ్లి భోజనాల్లోనే అన్నాడు. ఇంటర్ ఆగిపోయాక ఉమామహేష్ ఈ షాపులో వైర్‌లెస్ సెట్లు బాగుచెయ్యడం నేర్చుకున్నాడు. ముసలి యజమాని పోయాక షాపు అతనే నడుపుతున్నాడు. పడవల్లోకి జీపీఎస్‌లు వచ్చిన కొత్తలో మొదటిది కొన్నది ఎల్లాజీ. కొన్న రోజే తెచ్చి బల్ల మీద పెట్టి, "నువ్వు ఇప్పి సూసి బాగుందంటేనే నాను నమ్ముతాను" అన్నాడు.

జీపీఎస్ పాడైతే చేపలు పడే చోట్ల గుర్తులన్నీ దాంతోపాటే పోతాయి. ఆ గుర్తులను పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో వెయ్యడానికి ఉమామహేష్ పైథాన్ 2 అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాడు. నేర్పినవాళ్లెవరూ లేరు. నెట్ సెంటర్లో ప్రింటు తీసుకున్న కాగితాలు, పాత కంప్యూటరు, ఒక మెయిల్ గ్రూపు. ఆ గ్రూపులో విశాఖ చుట్టుపక్కల ప్రోగ్రాములు రాసుకునేవాళ్లు ఒకరినొకరు సందేహాలు అడిగేవారు. ఈ వరస ఎందుకు లోపలికి జరగాలి, ఈ ఫైలు ఎందుకు తెరుచుకోదు, ఇలాంటివి. అక్కడ ఒక ఆనవాయితీ ఉండేది. అడిగేవాళ్లు ప్రోగ్రాముతో పాటు ఏం ప్రింటయిందో అదీ పెట్టాలి. చెప్పేవాళ్లు తమ కంప్యూటర్‌లో నడిపి చూశాకే చెప్పాలి.

అనూరాధ అక్కడే పరిచయమైంది. ఆనందపురం దగ్గరి రైతుల పిల్ల. గోపాలపట్నంలో కొట్లకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసులో పని. కాటా నుంచి బరువు కంప్యూటర్లోకి తెచ్చే వైరు ఎలా కలపాలో ఉమామహేష్ ఆమెకు చెప్పాడు. పైథాన్‌లో పేరుకో అంకె దాచుకునే డిక్షనరీలు ఎలా వాడాలో ఆమె అతనికి చెప్పింది. ముఖాలు చూసుకోలేదు. ఎవరు ఏం రాసినా బయటి మనిషి చేతికి ఇచ్చే ముందు రెండోవాళ్లు నడిపి చూడాలని మాత్రం ఇద్దరూ అనుకున్నారు.

బోర్డు ఆరింది. కొత్త బ్యాటరీలు వేస్తే తెర వెలిగింది. పడవ నడిచినంత దారీ అందులో ఉంది. ఉమామహేష్ దాన్ని కంప్యూటర్లోకి దించుకున్నాడు. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు ఎన్ని మీటర్లు, ఎన్ని సెకన్లు పట్టింది, సెకనుకు ఎంత వేగం. ఇంతే ప్రోగ్రాము. మీట నొక్కితే అంకెలు దిగాయి. మూడు, మూడు, రెండు, మూడు. ఆ తర్వాత సున్నా. అక్కడి నుంచి చివరి దాకా సున్నాలే.

మొదటి సున్నా ఉన్న చోటు అట్టముక్క మీద రాశాడు. అప్పలరాజు అది లాక్కుని లేచాడు.

"ఆగు బావా. ఇంకొకరు సూడాల."

"ఇప్పుడేటి, పరీక్షలా? అక్కడ ఇంజన్లు ఏసుకుని కూకున్నారు."

"మెయిల్ ఎల్లిపోనాది. ఫోను సేత్తన్నాను."

"మా అన్న నిన్ను ఊరికే అనీవోడు కాదు" అన్నాడు అప్పలరాజు. కానీ కూర్చున్నాడు.

అనూరాధ ఫోనులో జరిగింది విని, మెయిల్లో వచ్చిన ప్రోగ్రాము నడిపింది. మీటలు కొట్టే చప్పుడు వినిపించింది.

"ఉమామహేష్ గారూ, ఈ సున్నాలేటండి?"

"ఇంజను ఆపిందక్కడండి. ఆగిపోనాది."

"ఇంజను ఆగితే పడవ మేకు కొట్టినట్టు ఉండిపోద్దా? నాకు సముద్రం తెల్దు, మీరే సెప్పండి. అన్నీ సున్నాలైతే మరి బీమిలి ఎలా ఎల్లిందండి?"

నీటి మీద ఏదీ ఉన్నచోట ఉండదని యారాడలో నడక రాని పిల్లకైనా తెలుసు. తెలిసి కూడా అతను ఆ సున్నాలను నమ్మాడు. కంప్యూటరు చెప్పింది కాబట్టి నమ్మాడు.

"మీటర్లూ పూర్ణాంకాలే, సెకన్లూ పూర్ణాంకాలే" అంది అనూరాధ. "రెండూ అలా ఉంటే భాగించినప్పుడు సుక్క తర్వాతది కోసి పారేత్తాది పైథాను. మా బిల్లుల్లో పైసలు అలాగే పోనాయి, నెల్లాళ్లు తిట్లు తిన్నాను. సెకన్లకి ఫ్లోట్ పెట్టండి, సుక్క తర్వాతదీ ఉంటాది. నాను పెట్టి నడిపినాను. మీరూ నడపండి, నా మాట మీద పోకండి."

అతను ఆ ఒక్క వరస మార్చి నడిపాడు. సున్నాలు పోయాయి. ఇంజను ఆగిన దగ్గర్నుంచి చాలా వరసల పాటు పాయింట్ రెండు, పాయింట్ మూడు, మళ్లీ రెండు. ఒక చోట ఒక్కసారిగా పాయింట్ ఎనిమిది. తర్వాత బ్యాటరీ అయిపోయేదాకా ఎనిమిదికి అటూ ఇటూనే.

"రెండు రకాలున్నాయి" అంది ఆమె. "ఏది ఏటో నాకు తెల్దండి."

ఉమామహేష్‌కు తెలుసు. వల నీళ్లలో ఉన్నంతసేపూ అది పడవను పట్టి ఉంచుతుంది. పడవ నీటి వాలున మెల్లగా పోతుంది. వల పోతే పడవ తేలికపడి గాలికి పరుగెడుతుంది. ఇంజను ఆపింది వల వెయ్యడానికి. అప్పటికి ఎల్లాజీ పడవలోనే ఉన్నాడు. కొయ్య విరిగింది మెల్లని అంకెలు పోయి ఎనిమిది మొదలైన చోట.

"అక్కడ వల పోయిందండి."

"మీ బావగారో?"

"వల వదిలీ మనిషి కాదండి."

"అయితే ఇంకోసారి నడుపుదాం" అంది అనూరాధ. ఆ చోటి నుంచి నీటి వాలున, అదే మెల్లని వేగంతో, వల ఈ వేళకు ఎక్కడి దాకా పోయి ఉంటుందో ఇద్దరూ విడివిడిగా కట్టారు. అంకెలు ఒకరికొకరు చదువుకున్నారు. కలిశాయి.

దేవి గుమ్మంలోంచి అంతా వింది. లేచి వచ్చి బల్ల పట్టుకుని నిలబడింది.

"అయితే మనిషిని ఎతకొద్దని సెప్పు. నీటి మీద తేలీ వల బెండ్లు ఎతకమను."

అప్పలరాజు తన చేతిలోని అట్టముక్క చింపేశాడు. ఉమామహేష్ కొత్త అంకెలు అతని జీపీఎస్‌లోనే ఎక్కించి ఇచ్చాడు. మొదట రాసిన చోటికి వెళ్లి ఉంటే సాయంత్రం దాకా ఖాళీ నీళ్లలో తిరిగేవాళ్లు.

పొద్దు వాలుతుండగా పడవలు తిరిగి వచ్చాయి. బెండ్లు దొరికాయి. వల లాగితే ఎల్లాజీ వచ్చాడు. తాడు కుడి మణికట్టుకు మెలిపడి ఉంది. దేవి తాడును కోయనివ్వలేదు. తనే విప్పింది, చాలాసేపు పట్టింది. ఆ రాత్రి గాలి లేచింది.

దినాలు అయ్యాక ఉమామహేష్ గ్రూపులో ఒక ప్రశ్నకు జవాబు రాశాడు. ఎవరో సగటు మార్కులు ఎందుకు తప్పుతున్నాయని అడిగారు. ఫ్లోట్ పెట్టమన్నాడు, నడిపి చూశానన్నాడు. అంతకంటే ఏమీ రాయలేదు. అనూరాధ కింద ఒక్క మాట పెట్టింది: నేనూ నడిపాను.

ఉమామహేష్ ఎల్లాజీ జీపీఎస్‌కు కొత్త రేకులు అతికించాడు. మూత అంచుకు రబ్బరు వేసి మరలు బిగించాడు. బకెట్ నీళ్లలో ముంచి ఉంచి, తీసి, తుడిచి, మళ్లీ వెలిగించాడు. దేవి, అప్పలరాజు వచ్చారు. పడవ ఇక అప్పలరాజు నడుపుతాడు.

"మీ బావ గుర్తులు ఉన్నాయా అందులో?" అంది దేవి.

"అన్నీ ఉన్నాయప్పా."

"ఆ సోటో?"

"అదీ ఉంది. తీసీమంటే తీసేత్తాను."

దేవి అప్పలరాజు వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఉండనీ బావా. అక్కడ వల ఎయ్యకుండా ఉండడానికైనా ఉండాల."

ఉమామహేష్ జీపీఎస్‌కు తాడు కట్టి, ముడి రెండుసార్లు లాగి చూసి, అతని చేతిలో పెట్టాడు.