మూడో రౌండు, మా పెద్దనాన్న నోరు

మా పెద్దనాన్నకు ఒకటే జబ్బు. బాక్సింగ్ పోటీ ఎక్కడ జరిగినా ఎవరు గెలుస్తారో ముందే చెప్పేసేవాడు. చెప్పింది ఒక్కటీ జరిగేది కాదు. ఇంకొకరైతే నాలుగు సార్లు తప్పాక నోరు మూసుకుంటారు. ఆయన మాత్రం, "నేను సరిగ్గానే చెప్పాను, వాళ్ళే సరిగ్గా కొట్టుకోలేదు" అనేవాడు.

ఆయన టైలరు. నేను ఆయన కొట్లోనే కటింగ్ చేసేవాణ్ణి కాబట్టి ఈ బాధ నాకు పొద్దస్తమానం ఉండేది. కొలతలకు వచ్చిన మనిషి చేతులు చాచి నిలబడితే చాలు, పెద్దనాన్నకు పూనకం వచ్చేది. "ఇదిగో, ఎడమచేత్తో ఇలా ఒకటి ఇస్తాడు" అంటూ టేపు పట్టుకున్న పిడికిలిని ఆ మనిషి దవడ పక్కనుంచి పోనిచ్చేవాడు. కొలతలకు వచ్చినవాడు బెదిరిపోయి ఊపిరి బిగబట్టేవాడు. పెద్దనాన్న ఆ బిగబట్టిన ఛాతీ కొలతే నాకు చెప్పేవాడు. చొక్కాలు గోనెసంచుల్లా తిరిగి వస్తుంటే విప్పి కుట్టలేక చచ్చేవాణ్ణి.

పక్క వీధిలో బాక్సింగ్ నేర్పే హాలు ఉండేది. అక్కడి వాళ్ళంతా నిక్కర్లూ, రింగులోకి వెళ్ళేటప్పుడు కప్పుకునే పొడవాటి గౌన్లూ మా దగ్గరే కుట్టించుకునేవారు. గుమ్మంలోనే దణ్ణం పెట్టేవారు.

"మాస్టారూ, కొలతలు తీసుకోండి. నా గెలుపు మాట మాత్రం ఎత్తకండి."

"ఎత్తక? నువ్వే గెలుస్తావురా!"

"అయిపోయింది" అంటూ ఆ మనిషి బల్ల మీద కూలబడేవాడు.

మా బావ, అంటే అక్క మొగుడు, అక్కడే బాక్సరు. ఒకప్పుడు గట్టివాడే. ఇప్పుడు జుట్టు నెరిసింది, మెట్లెక్కితే మోకాళ్ళు మాట్లాడుతున్నాయి. ఈమధ్య ఏ పోటీకి వెళ్ళినా మూడో రౌండులోనే పడిపోతున్నాడు. ఆ గంట మోగితే చాలు, కాళ్ళలో వణుకు పుడుతోందని అక్కతో చెప్పుకున్నాడట. ఇంకొక్కటి ఆడి మానేస్తానన్నాడు. ఆ ఒక్కటీ ఇంతవరకు ఓటమి ఎరగని కుర్రవాడితో కుదిరింది. గెలుస్తానన్న ఆశ బావకు లేదు. చివరి గంట దాకా నిలబడి, ఎవరూ మోయకుండా తన కాళ్ళమీద రింగు దిగాలి. అంతే ఆయన కోరిక.

అక్క కొట్టుకు వచ్చి బతిమాలింది. "పెద్దనాన్నా, నీకు పుణ్యముంటుంది. ఈ ఒక్కసారికి నోరు విప్పకు."

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ బుద్ధిగా తలూపాడు. ఆ సాయంత్రమే బావ గౌను కొలతలకు వచ్చాడు. పెద్దనాన్న ఆయన ఛాతీ చుట్టూ టేపు వేసి, తాపీగా అన్నాడు.

"అల్లుడూ, నువ్వు మూడో రౌండులో పడిపోతావు."

నా కత్తెర పక్కకు పోయింది. నిక్షేపంలాంటి గుడ్డ పాడైంది.

"పెద్దనాన్నా!"

"ఏం? ఉన్నమాట చెప్తున్నా. మూడో రౌండు. వెల్లకిలా."

బావ ఆయన ముఖంలోకి అదోలా చూసి వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగితే ఎలాగో సర్దుకునేవాళ్ళం. గుండీలు కొనడానికి వెళ్ళి గుండీల కొట్లో చెప్పాడు. టీ కొట్లో చెప్పాడు. బస్సు కండక్టరు పాపం అడగనైనా లేదు, ఆయనకూ చెప్పాడు. అక్క మాటలు మానేసింది. పెద్దమ్మ, "మీ నోట్లో దూది కుక్కుతాను" అంది. నేనైతే కొట్టు వదిలి ఎటైనా పోదామనుకున్నాను. దారిన పోయేవాళ్ళందరూ గెలుస్తారన్న మనిషికి, ఇంటి అల్లుడి దగ్గరే ఈ బుద్ధి పుట్టాలా?

పోటీ రోజు వచ్చింది. మొదటి రెండు రౌండ్లూ కుర్రవాడు బావతో చెడుగుడు ఆడేశాడు. మూడో గంట మోగింది. అక్క కళ్ళు మూసుకుంది. ఒక్క దెబ్బకు బావ తాళ్ళమీదికి తూలాడు. హాలంతా లేచి నిలబడింది. అప్పుడు పెద్దనాన్న గొంతు చించుకుని అరిచాడు.

"పడిపోతాడు! రాసిపెట్టుకోండి, ఇప్పుడే పడిపోతాడు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు మూయిద్దామంటే నా చెయ్యి ఆయన చేతిలో ఇరుక్కుని ఉంది. ఎముకలు నలిగేలా పట్టుకున్నాడు.

రింగులో బావ ఆ కేక విని నవ్వాడు. నిజంగానే నవ్వాడు. తాళ్ళను వెనక్కి నెట్టి, నిటారుగా నిలబడి చేతులు పైకెత్తాడు. మూడో రౌండు గడిచింది. మిగతావీ గడిచాయి. పాయింట్ల మీద కుర్రవాడే గెలిచాడు గానీ, బావ నడుచుకుంటూ దిగాడు. ఆయన దిగడానికి ఆ కుర్రవాడే తాళ్ళు ఎత్తి పట్టుకున్నాడు.

"పెద్దనాన్నా, కావాలనే అన్నావా?" అని అడిగాను.

"మరేం చెయ్యనురా? నేనన్నది జరగదని లోకమంతటికీ తెలుసు. నిలబడతావు అంటే వాడి గుండె అక్కడే ఆగిపోయేది. అందుకే కనపడ్డ ప్రతివాడికీ చెప్పాను. ఒక్కడైనా వెళ్ళి, 'ఆయన పడతావన్నాడా? ఇంకేం, పడవులే' అని వాడితో అనకపోతాడా అని."

"అయితే ఇన్నేళ్ళూ కావాలనే తప్పు చెప్పావా?"

"ఛ! అవన్నీ మనస్ఫూర్తిగానే చెప్పాను."

ఇంతలో బావ వాచిన పెదాలతో వచ్చాడు. "మావయ్యా, ఇక ఆడను. పిల్లలకు నేర్పే బడి పెడదామనుకుంటున్నాను. నడుస్తుందంటావా?"

పెద్దనాన్న గొంతు సవరించుకున్నాడు. "నడవదు అల్లుడూ. నెల తిరక్కుండా మూతపడుతుంది."

అన్నాళ్ళూ మాట్లాడని అక్క వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇంకొంచెం గట్టిగా చెప్పు పెద్దనాన్నా. అందరికీ వినపడాలి."