టీచరమ్మ కొట్టివేసిన పేర్లు

టీచరమ్మ పోయిందన్న సంగతి నాకు నర్సమ్మ చెప్పింది. మంగళవారం పొద్దున నేను ఆఫీసుకు వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది.

"నిన్న దవాఖానల పానం ఇడిసిందట. నీకెవ్వరు చెప్పలేదా చిన్న టీచరు?" అంది.

నర్సమ్మ ఝరాసంగం పక్క పల్లె మనిషి. జహీరాబాద్ అంగడికి వచ్చినప్పుడల్లా టీచరమ్మ ఇంట్లో మంచినీళ్లు తాగి పోయేదట. నేను రెండు వీధుల అవతలే ఉంటాను. ఆ గడప తొక్కి మూడేళ్లయింది. మొహం చెల్లక వెళ్లలేదు, అంతే.

ఆమె గురించి గొప్పలు రాయడానికి ఏమీ లేవు. ఆమె నడిపిన వయోజన విద్యా కేంద్రం ఒక్కటే. అది రెండు నెలలు కూడా నిలవలేదు. నిలవకపోవడానికి మొదటి కారణం నేను.

డెబ్బై ఎనిమిది వేసవి అది. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను ఆమెకు సహాయంగా వేశారు. అల్లం తోటల్లో కూలికి పోయే ఆడవాళ్లకు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, అల్లం నిలవచేసే కొట్టంలో చదువు చెప్పాలి. మొదటి రోజు టీచరమ్మకు జ్వరం. నేనొక్కదాన్నే వెళ్లాను. రిజిస్టరులో పేరు, భర్త పేరు, వయసు, పిల్లలెందరు అని గళ్లున్నాయి. బుద్ధిగా అన్నీ అడిగాను. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు కదా, ఒకరి మొగుడి పేరు పక్కావిడ చెప్పేది. కొట్టమంతా నవ్వులు. క్లాసు బ్రహ్మాండంగా కుదిరిందనుకున్నాను. ఇరవై ఇద్దరి పేర్లు గుండ్రంగా రాసి, నా చేతిరాత చూసుకుని నేనే మురిసిపోతూ బస్సెక్కాను.

మర్నాడు నరపురుగు కూడా రాలేదు.

అంతకు రెండేళ్ల ముందు ఎవరో వచ్చి ఇలాగే మొగుళ్ల పేర్లు, పిల్లల లెక్కా రాసుకుపోయారట. నెల తిరక్కుండా జీపు వచ్చింది. మగవాళ్లు చెరకు తోటల్లో దాక్కున్నారు. దొరికినవాళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసి పంపించారు. నర్సమ్మ మరిది ఆ పుండు మానక ఆరు నెలలు మంచం మీద ఉన్నాడు. ఇవేవీ నాకు తెలియవు. తెలుసుకోవాలన్న బుద్ధి కూడా నాకు పుట్టలేదు.

మూడో రోజు టీచరమ్మ వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటింటికీ వెళ్లి అందరినీ కొట్టం ముందుకు పిలుచుకొచ్చింది. పేజీ చింపడానికి లేదు, సర్కారు రిజిస్టరుకు నంబర్లుంటాయి. అందుకని స్కేలు పెట్టి, ఒక్కొక్క పేరు మీదా అందరికీ కనబడేలా గీత గీసింది.

"చూసిన్రా, అన్నీ కొట్టేసిన. మీరు రాయమనేదాక మీ పేర్లు రాయ. ఒట్టు" అంది. కలం సంచిలో పడేసింది.

మరి పాఠం ఎలా మొదలుపెడతారని అడిగాను. "ముందుగాల వాళ్లు మనకు చెప్పాలె. మనకు రానిది వాళ్ల ముంగట బయటపడాలె. అప్పుడు వాళ్లకు రానిది మన ముంగట పెడ్తరు" అంది. నాకు అది పని ఎగ్గొట్టే మాటలా వినిపించింది.

ఇరవై రోజులు ఆమె వాళ్లతో కూర్చుని విత్తనం అల్లం విరిచింది. మొలక ఉన్న చోటు చూసుకుని విరవాలి. ఆమెకు ఎంతకీ చేతకాలేదు. నర్సమ్మ ఆమె చేతిలో ముక్క లాక్కుని, "గట్ల ఇరిస్తే మొలక సస్తది టీచరమ్మా. కండ్లు యాడ పెట్టినవ్?" అని కసిరేది. ఈమె "తప్పయింది వదినె, మల్ల చూపియ్యి" అనేది. ఇన్నేళ్లూ పిల్లల బడిలో బెత్తం పట్టిన మనిషి. యాభై ఏళ్ల వయసులో తిట్లు తింటూ కూర్చుంటే నాకే సిగ్గేసేది. కానీ రోజుకొకరు చొప్పున జనం పెరిగారు. ఎవరి మొగుడు కొడతాడో, ఎవరికి కడుపు నిలవడం లేదో అన్నీ ఆ అల్లం కుప్ప దగ్గరే చెప్పుకునేవారు.

ఇరవయ్యో రోజున నర్సమ్మే అంది, "మా సదువు అయిపాయె. ఇగ నీ సదువు చెప్పు."

ఆ పూట టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. నేల మీద అల్లం మట్టి సాపు చేసి వేలితో అక్షరం దిద్దించింది. నాలుగు రోజులు దిద్దారు. నా పేరు ఎప్పుడు రాయిస్తవని నర్సమ్మ రోజూ సతాయించేది. జర ఆగు, ఇంకో వారం అనేది టీచరమ్మ.

అయిదో రోజు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, ఎండలో తిరిగి అలసిపోయి ఉన్నాడు. రిజిస్టరు తెరిస్తే రాసి ఉన్నది ఒక్క పేజీ, ఆ పేర్లన్నీ కొట్టేసి ఉన్నాయి.

"మనుషులు కూర్చునే ఉన్నరు కద సార్" అంది టీచరమ్మ.

"కాగితం మీద లేనోళ్లను నేనెట్ల చూపియ్యాలమ్మా? ఇప్పుడన్న ఫారం నింపుండ్రి, సంతకం పెట్టి పోత" అన్నాడు.

ఆయన జేబులోంచి కలం తీయగానే ఒకరొకరే లేచారు. నర్సమ్మ చివరిదాకా కూర్చుంది. "మా ఇంటాయన సంపుతడు టీచరమ్మా" అని ఆమె కూడా లేచింది. టీచరమ్మ ఇచ్చిన మాట తప్పి ఒక్క పేరు రాసి ఉంటే కేంద్రం నిలిచేది. రాయలేదు. వారంలో మూసేశారు. ఆమెకు మళ్లీ ఎక్కడా కేంద్రం ఇవ్వలేదు, ఆ ఊరికీ ఇవ్వలేదు. ఆ ఊరికి ఇక ఇస్తారని కూడా నేననుకోను. తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే, "నీ తప్పు గాదు బిడ్డా, ఫారంల గట్లనే ఉన్నది" అంది. నేను మాత్రం తరువాత ఫారాలు నింపే ఉద్యోగమే సంపాదించుకున్నాను.

ఆ మంగళవారం దహనం అయిపోయాక, టీచరమ్మ ఇంట్లో ఆమె చెల్లెలు పెట్టె తెరిచి, ఎవరూ తిరిగి అడగని ఆ రిజిస్టరు నా చేతిలో పెట్టింది. నర్సమ్మ నా పక్కకు జరిగింది.

"ఇండ్ల నా పేరున్నదా?"

ఉందన్నాను. ఏడో వరుస చూపించాను. ఈ పదేళ్లలో ఆమెకు ఆ నాలుగు రోజుల అక్షరాలు ఎప్పుడో పోయినట్టున్నాయి. వంగి చాలాసేపు చూసింది. నా గుండ్రటి రాతను ఆమె పట్టించుకోలేదు. టీచరమ్మ స్కేలు పెట్టి గీసిన గీత మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా మెల్లగా జరిపింది.

"గింత సీదగ ఉంటదా నా పేరు? గిదైతే నేను గూడ రాస్తుంటి గద" అంది.